సోమక్క కొన్న సెలూన్ కారు

గొల్లపల్లి నుంచి నలుగురు మోసుకొచ్చిన నులకమంచాన్ని శబరి నది రేవులో లారీ పక్కన దించేసరికి పొద్దు బారెడెక్కింది. మంచం మీద ఉన్నది నందే అనే గర్భిణి. నెలలు నిండి రెండు రోజులుగా నొప్పులు పడుతున్నా బిడ్డ కిందికి దిగలేదు. జగదల్‌పూర్ ఆసుపత్రికి చేరిస్తే బతుకుతుందని ఎవరో చెబితే, మొగుడు ఉంగ ముగ్గురు మనుషుల్ని వెంటబెట్టుకుని కొంట ఊరి దాకా మోసుకొచ్చాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. బస్తర్ రాజ్యమంతా వెతికినా మోటార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. కొంట నుంచి జగదల్‌పూర్‌కు వారానికి రెండుసార్లు పోయే ఈ లారీ తప్ప జనానికి మరో దిక్కు లేదు.

డ్రైవరు తన సీట్లోంచి తొంగి చూశాడు. మంచాన్ని చూశాడు, నందే ముఖాన్ని చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఎక్కించను. దారిలో కాన్పు అయితే లారీ మైలపడుతుంది. పైగా వెనక జాగా లేదు. నెయ్యి డబ్బాలున్నయి."

"డబ్బాలు రేపు పోవా? డబ్బాలకు నొప్పులొస్తున్నయా?" అంటూ చేతిలో గరిటెతోనే వచ్చింది సోమక్క.

సోమక్కది రేవు పక్కనే పూటకూళ్లిల్లు. యాభై దాటిన మనిషి. రేవులో పడవ దిగినవాడు దొర అయినా కూలీ అయినా ఆమె వడ్డించిన అన్నం తినకుండా ముందుకు పోడు. ఆమె గొంతు లేచిందంటే ఆవలి ఒడ్డున పడవవాడు కూడా తెడ్డు ఆపి వింటాడు. ఆ రోజు గొంతు బాగానే లేచింది. కాని డ్రైవరు చెవిన పెట్టలేదు. "హ్యాండిలు కొట్టరా" అని క్లీనరు మీద అరిచాడు.

క్లీనరు పేరు జోగ. నలభై ఏళ్ల దోర్ల తెగ మనిషి, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. హ్యాండిలు తిప్పాడు. ఇంజిన్ లేచింది. హ్యాండిలు బయటికి లాగి చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత దాన్ని డ్రైవరు కాళ్ల దగ్గర పెట్టి, ఏమీ అనకుండా వెనక్కి నడిచి, నందే మంచం కోడు ఒకటి పట్టుకున్నాడు.

"ఏయ్, ఎక్కవా?"

జోగ తల తిప్పలేదు. లారీ రెండుసార్లు హారన్ కొట్టి, క్లీనరు లేకుండానే సుక్మ బాట పట్టింది.

మంచాన్ని సోమక్క ఇంటి విసుర్రాయి గదిలోకి చేర్చారు. పేటలో మంత్రసాని సన్నేను పిలిపించారు. సోమక్క నీళ్లు కాచింది, పాత చీరలు చింపింది, నందే తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు రేవులో ఎవరికీ అన్నం దొరకలేదు. ఎండ పడమటికి తిరిగాక గదిలోంచి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. పెద్దవాళ్ల ఊపిరితిత్తులు అరువు తెచ్చుకున్నట్టు గట్టిగా ఏడ్చింది. బయట గంజి తాగుతున్న ఉంగ ముంత పట్టుకునే కూలబడి, ముందు ఏడ్చి తర్వాత నవ్వాడు.

సన్నే చేతులు కడుక్కుంటూ, "ఇంకొక గడియ ఆగితే తల్లీ పిల్లా ఇద్దరూ పోయేటోళ్లు" అంది.

"ఇయ్యాల గండం తప్పింది. ప్రతిసారీ తప్పుతదా?" అంది సోమక్క. కొంగుతో ముఖం తుడుచుకుని రేవు కేసి చూసింది. "నేనే ఒక మోటారు కొంట."

వాకిట్లో ఉన్నవాళ్లు నవ్వారు. సోమక్క నవ్వలేదు. పెరట్లో కట్టెలు కొడుతున్న జోగ మాత్రం గొడ్డలి ఆపి ఒక్క క్షణం ఆమె వంక చూసి, మళ్లీ కట్టె మీద వేశాడు.

*

మోటారు కొనాలంటే మోటారు తెలిసినవాడు కావాలి. ఆ వారం రేవులో రాఘవులు అనే మనిషి దిగి ఉన్నాడు. రాజమండ్రిలో పెద్ద పెద్ద ఇళ్లల్లో కార్లు తోలానని చెప్పుకునేవాడు. మెడకు పట్టు రుమాలు, జేబులో దువ్వెన. సోమక్క అడగడమే ఆలస్యం, జగదల్‌పూర్‌లో తనకు తెలిసిన, కార్లు అమ్మిపెట్టే దలాలు దగ్గర సెలూన్ కారు ఉందన్నాడు.

"సెలూన్ అంటే నాలుగు పక్కలా అద్దాలు, లోపల తోలు సీట్లు, అమ్మా. యుద్ధానికి ముందు కలకత్తా నుంచి వచ్చింది. కొత్తదైతే మనం కళ్లతో కూడా చూడలేం. పాతది కాబట్టి మన అందుబాటులోకి వచ్చింది."

"పాతదైతే పనిజేస్తదా?"

"నేను చూస్తానుగా!"

గురువారం, ఎప్పుడో గాని రాని కలప లారీ ఒకటి దొరికితే ముగ్గురూ దాని మీద బయల్దేరారు. మూడో మనిషి జోగ. పని పోగొట్టుకుని పెరట్లో కట్టెలు కొడుతున్నాడు కదా, బియ్యం మూట, వంట గిన్నెలు మోయడానికి పనికొస్తాడని సోమక్క తోడు తీసుకుంది. దారి పొడవునా రాఘవులు తాను తోలిన కార్ల గురించి చెబుతూనే ఉన్నాడు. జోగ మూట మీద కూర్చుని లారీ ఇంజిన్ చప్పుడు వింటున్నాడు. కొండ ఘాటు ఎక్కేటప్పుడు ఒకచోట "ఇప్పుడు గేరు మార్చాలె" అని తనలో తాను అన్నాడు. అనగానే డ్రైవరు మార్చాడు. సోమక్క ఆ మాట విన్నది కాని పట్టించుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే దలాలు షెడ్డుకు వెళ్లారు. తలుపులు తీయగానే సోమక్క గుమ్మంలోనే ఆగి చూసింది. కాటుక పూసినట్టున్న నల్లటి కారు. అద్దాలకు చిన్న చిన్న తెరలు. లోపల వెండి పూలగిన్నె ఒకటి, అందులో నిజం బంతిపువ్వు. ఎర్ర తోలు సీటు మీద చెయ్యి పెడితే మెత్తగా లోపలికి దిగింది.

"ఏక్‌దమ్ నయీ హై, మాయీ, కొత్తదే" అన్నాడు దలాలు. "మీటరు చూడు. ఎన్ని మైళ్లు తిరిగిందో చూడు. నిండా పన్నెండు వేలు లేవు."

రాఘవులు కూర్చుని హారన్ కొట్టాడు. తలుపు తీసి వేశాడు. అద్దం దించి ఎత్తాడు. ప్రతిదానికీ "ఆహా" అన్నాడు. హ్యాండిలు తిప్పడానికి జోగను పిలిచారు. జోగ ముందుకు వచ్చి, హ్యాండిలు పట్టుకోకముందే, బానెట్టు మీద అరచేతి వెనక భాగం ఆనించాడు. చంటిపిల్లకు జ్వరం వచ్చిందో లేదో చూసినట్టు. తర్వాత హ్యాండిలు తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజిన్ లేచింది. చప్పుడు ఎంత మెత్తగా ఉందంటే షెడ్డు పైకప్పు మీద పావురాలు కూడా కదల్లేదు.

"చూశారా అమ్మా! ఒక్క తిప్పుకే!" అన్నాడు రాఘవులు.

సోమక్కకు మనసు నిండిపోయింది. ఆ ఎర్ర సీటు మీద తాను కూర్చుని రేవులోకి దిగుతున్నట్టు అనిపించింది. రాఘవులూ దలాలూ బేరం మొదలుపెట్టారు. ఆమె వాళ్ల మాటలు వింటూనే, ఓరగా జోగను చూస్తోంది. అతను ఒక్కచోట నిలబడడం లేదు. తలుపులోంచి వంగి కింద పెడళ్ల మీద వేళ్లు రుద్దాడు. ఇంజిన్ పక్కనుంచి చమురు పుల్ల బయటికి లాగి, చివరి చుక్కను రెండు వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. మొలలోంచి చిన్న పానా తీసి కారు వెనక కిందికి దూరాడు. కాళ్లు మాత్రం బయట ఉన్నాయి. క్లీనరు బుద్ధి, ఇనుము కనబడితే చాలు తుడవకుండా ఉండలేడు అనుకుంది సోమక్క.

బేరం కుదిరింది. సోమక్క నడుముకు కట్టుకున్న సంచి ముడి మీద చెయ్యి వేసింది.

అప్పటికి జోగ బయటికి వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా నేల చూస్తూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏదో నలుపుతున్నాడు. నలిపి వాసన చూశాడు. అతని ముఖంలో అప్పుడు కనిపించినది సోమక్క ఇంతకుముందు చూసిందే. లారీ దగ్గర హ్యాండిలు పట్టుకుని నిలబడినప్పుడు కూడా అతను ఇలాగే ఉన్నాడు. ముడి మీద ఆమె చెయ్యి ఆగింది.

"ఏందది జోగా?"

"పొట్టు అక్కా. రంపపు పొట్టు."

"కారుల పొట్టెందుకుంటది?"

జోగ రాఘవులు వంక చూశాడు.

"ఆయన దిక్కు చూడకు. అడిగింది నేను. నాకు చెప్పు."

"వెనక ఇరుసు పెట్టెల పండ్ల చక్రాలు అరిగినయక్కా. అరిగినయి గనుక నడిస్తే మొత్తుకుంటది. మొత్తుకోకుండ చమురుల పొట్టు కలిపిండ్రు. ఇరవై మైళ్లు సప్పుడు చెయ్యది. తర్వాత ఘాటు కాడ పండ్లు రాలుతయి."

రాఘవులు పెద్దగా నవ్వాడు. "అడవిలో తిరిగిన కారండీ. ఎప్పుడో దారిలో పడి ఉంటుంది చెత్త. వీడికేం తెలుసు?"

జోగ వేళ్లు చాపాడు. నల్లటి చమురులో ఎర్రటి నలుసులు. "ఇది సర్గి మాను పొట్టు. మా దిక్కు సర్గి లేదు, టేకే. సర్గి ఈడ జగదల్‌పూర్ రంపపు గుంటలల్ల కోస్తరు. చమురుల నానినా చెక్క వాసన ఇంకా పోలే. నాలుగైదు రోజుల కింద ఈడనే పోసిండ్రు."

దలాలుకు తెలుగు సగమే అర్థమవుతుంది. కాని సర్గి అన్న మాట అర్థమైంది. అతని చిరునవ్వు అక్కడే ఎండిపోయింది.

"ఇంకేముంది? అన్నీ చెప్పు" అంది సోమక్క.

ఒకసారి అడిగాక జోగ ఆగలేదు. హ్యాండిలు కొట్టకముందే బానెట్టు వేడిగా ఉంది. చల్లని ఇంజిన్ ఎట్ల లేస్తుందో మనకు చూపకూడదని పొద్దున్నే ఒకసారి నడిపి ఆపారు. చమురు పాకంలా సాగుతోంది. అంత చిక్కటి చమురు పోస్తే లోపలి టకటక బయటికి వినబడదు. మీటరులో పన్నెండు వేల మైళ్లే ఉన్నాయి, కాని పెడళ్ల మీది రబ్బరు అరిగి ఇనుము తేలింది. పన్నెండు వేల మైళ్లకు మనిషి కాలు ఇనుము దాకా అరగదీయదు.

సోమక్క అతని మాటలు వింటూ నిలబడింది. అయిదేళ్లుగా వారానికి రెండు పూటలు తన వాకిట్లో తిన్న మనిషి. పచ్చిమిరపకాయ కావాలో వద్దో అడగకుండానే తెలుసు అతని గురించి. కాని ఇది తెలియదు.

"ముందే ఎందుకు చెప్పలేదు జోగా? నేను సంచి విప్పబోతుంటే కూడా నోరు తెరవకపోతివి!"

"మోటారు తెలిసినాయన ఉన్నడు గదక్కా. నన్ను మూట మొయ్యనీకి తెచ్చినవ్."

అందులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పాడు. సోమక్కకు మాత్రం చెంప మీద పడ్డట్టయింది. షెడ్డు గుమ్మం దగ్గర రాతి మీద కూలబడింది. కాసేపు తన పాదాల వంక చూసుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అని జోగ కంగారుపడి దగ్గరికి వచ్చాడు. ఆమె నవ్వుతోంది.

"రాఘవులు గారూ" అని పిలిచింది నవ్వు తుడుచుకుంటూ, "ఆ బియ్యం మూట ఇగ మీరు మొయ్యాలె. జోగకు వేరే పనుంది."

రాఘవులు ముఖం కందగడ్డ అయింది. పట్టు రుమాలు సర్దుకుని, ఇప్పుడే వస్తానని దలాలుతో ఏదో మాట్లాడుతూ షెడ్డు వెనక్కి పోయాడు. మళ్లీ రాలేదు.

*

మధ్యాహ్నం చెరువు గట్టు దగ్గర మూడు రాళ్లు పెట్టి సోమక్క అన్నం వండింది. ఆ పూట ముందు జోగకు వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"మరి కొనదగ్గ కారు యాడుంటదో నువ్వే చెప్పు."

జోగ అన్నం కలుపుతూ ఆలోచించాడు. "ఒకటుంది. అమ్ముతరో లేదో తెల్వదు. పోయినేడు కలప దించనీకి ఒక బంగళాకు పోయిన. పాకల కారుంది. పైన దుమ్ము. కాని ముసలాయన హ్యాండిలు తిప్పుతుండె. ఎక్కడికీ పోడు, ఊరికే తిప్పుతుండె. అట్ల తిప్పుతున్నడంటే దాన్ని బతికిస్తున్నడు."

బంగళా ఊరి చివర ఉంది. కలప కంట్రాక్టరు కట్టించినది. ఆయన పోయి నాలుగేళ్లయింది. కొడుకు రాయపూర్‌లో ఉంటాడు. ఇప్పుడు అక్కడ ఉన్నది సీతయ్య ఒక్కడే. సాలూరు వైపు మనిషి, ఒకప్పుడు ఆ ఇంటి డ్రైవరు, ఇప్పుడు కాపలాదారు. కారు చూడటానికి వచ్చామంటే ముందు అతను నమ్మలేదు. పూటకూళ్లావిడా, గోచి మీద మాసిన చొక్కా తొడిగిన దోర్లవాడూ సెలూన్ కారు బేరానికి రావడం అతనెన్నడూ చూడలేదు.

"అమ్మీయమనే రాసినారు బాబుగారు. కానీ ఇది ఎవులికి పడితే ఆళ్లకి ఇచ్చే బండి కాదమ్మా" అంటూనే పాక తలుపు తీశాడు.

సోమక్క ఒక అడుగు వెనక్కి వేసింది. బూడిద రంగు కారు మీద వేలెడు మందం దుమ్ము. ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. పైకప్పు గుడ్డ చిరిగి వేలాడుతోంది. వెనక సీటు మీద పిడకల బుట్ట. పూలగిన్నె లేదు, తెరలు లేవు.

జోగ మాత్రం పెళ్లి ఇంట్లోకి అడుగు పెట్టినట్టు నడిచాడు. బానెట్టు మీద చెయ్యి పెట్టాడు. "చల్లగుందక్కా" అన్నాడు సంతోషంగా. తలుపుల కింద దూలాన్ని వేళ్ల కణుపులతో కొట్టుకుంటూ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లాడు. ముందు టంగు టంగుమంది. మధ్యలోకి వచ్చేసరికి బొదబొదమంది. గోరుతో గిచ్చితే పిండిలా రాలింది.

"ఈడ పురుగు తొలిచింది. ఈ తలుపు దూలం కూడ పోయింది. అందుకనే తలుపు ఒంగింది. కప్పు కింది కమానులు రెండు విరిగినయి. వాన నీళ్లు దిగినయి. వెనక టైర్లు రెండూ అయిపోయినయి."

"ఇన్ని రోగాలున్న దాన్ని ఎందుకు చూపెడుతున్నవయ్యా?"

"రోగం చెక్కకే అక్కా. పైన కనబడే ఒళ్లంతా లోపల చెక్క బొమికల మీదనే ఉంటది, రేకు కప్పుతరు. చెక్క నాకు ఎంత పని? గట్టి బీజ మాను కర్ర కొట్టుకొస్త, నెల రోజుల్ల కొత్త బొమికలు పెడత. పండ్లరిగిన ఇనుము మాత్రం మన అడవిల మొలవదు. అది మంచిగుంటే చాలు."

సీతయ్య ఈ మాటలు వింటూ మెల్లగా దగ్గరికి జరిగాడు. జోగ పానా తీసి వెనక ఇరుసు పెట్టె మర విప్పాడు. వేలు పెట్టి చమురు తీసి వెలుతురులో పట్టుకున్నాడు. తేనెలా ఉంది. అందులో ఏ నలుసూ లేదు. రేడియేటరు మూత తీసి నీళ్ల మీద చమురు తేలుతోందేమో చూశాడు. తేలలేదు. ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపాడు. కొంచెం ఊగింది. "ఇది బిగించొచ్చు" అన్నాడు.

"నువ్వు వారం వారం హ్యాండిలు తిప్పేటోడివా తాతా?" అని సీతయ్యను అడిగాడు.

"లచ్చివారం లచ్చివారం" అన్నాడు సీతయ్య. "పెట్రోలు దొరక్కపోయినా ఆపనేదు. పిలగ్గులు తీసి చెంచాడు ఆముదం పోసి పది తిప్పులు. లేపోతే పట్టేసిపోద్ది. అయ్యగారు సచ్చిపోయే ముందు నాకు సెప్పింది అదొక్కటే."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో సోమక్క ఎక్కడా లేదు. ఆమెకు అది ముచ్చటగా అనిపించింది.

దాచిన డబ్బాలోంచి సీతయ్య పెట్రోలు పోశాడు. జోగ హ్యాండిలు తిప్పాడు. ఒకటి. రెండు. కారు దగ్గింది. మూడు. ఒళ్లంతా విదిలించుకుని, పైకప్పు మీది దుమ్మంతా రాల్చి, లేచింది. పాక మూలనున్న కోళ్లు గోలగోలగా బయటికి పరుగెత్తాయి. చప్పుడు షెడ్డు కారు అంత మెత్తగా లేదు. కొంచెం గరగరగా, పొద్దున్నే లేచి గొంతు సవరించుకునే మనిషిలా ఉంది.

"ఇదే అసలు చప్పుడు. దాచిపెట్టింది ఏం లేదు" అన్నాడు జోగ. సోమక్కను పంచలోహపు చెంబులో నీళ్లు పోసి బానెట్టు మీద పెట్టమన్నాడు. నీళ్లు వణికాయి కాని ఒలకలేదు. ఆమె తెల్ల తువ్వాలు అడిగి పొగ గొట్టం ముందు పట్టాడు. మొదట తడి తగిలింది, తర్వాత పొడి పొగ. చమురు మరక పడలేదు. తువ్వాలును జెండాలా ఎత్తి చూపించాడు. అయిదేళ్లలో జోగ పళ్లన్నీ కనబడేట్టు నవ్వడం సోమక్క చూడడం అదే మొదలు.

"మరి తోలి సూడరా" అన్నాడు సీతయ్య, డ్రైవరు సీటు తుడుస్తూ.

"జోగ తోలుతడా?" అంది సోమక్క.

జోగ తల గోక్కున్నాడు. "లారీ డ్రైవరుకు ఘాటంటే భయం అక్కా. ఘాటు కాడ, వాగుల కాడ అయిదేండ్ల సంది నేనే తోలిన. ఊరు కనబడంగనే ఆయన సీట్లకు జరిగెటోడు."

బంగళా చుట్టూ మూడుసార్లు తిరిగారు. గడ్డి గుట్ట పక్కనుంచి మిట్ట ఎక్కారు, మధ్యలో ఆపి మళ్లీ ఎక్కారు, బ్రేకు వేసి పల్లంలో నిలబెట్టారు. దిగాక బేరం పెద్దగా సాగలేదు. రాయపూరు నుంచి రాసి పంపిన ధర ఉంది, అది సోమక్క సంచిలో ఇమిడింది. సీతయ్యకు మిగిలింది ఒక్కటే అనుమానం.

"దీంతో ఏటి సేత్తారమ్మా?"

"జనాన్ని తిప్పుత. కడుపుతో ఉన్నోళ్లను, జరమొచ్చినోళ్లను, సంతకు పోయేటోళ్లను."

సీతయ్య సీటు తోలు మీద చెయ్యి వేశాడు. "ఈ సీటు మీద కలకత్తా దొరసానులు కూకున్నారు."

"ఇగ మా సన్నే కూసుంటది."

సీతయ్య వెనక తలుపు తీశాడు. తర్వాత పిడకల బుట్ట దించి, లోపలికి వెళ్లి, తోలుకు రాసే నూనె సీసా తెచ్చి జోగ చేతిలో పెట్టాడు. "నెలకోపాలి. మెత్తగుంటాది" అన్నాడు.

శనివారం ఠాణాలో కాగితాలు మార్చుకున్నారు. బండి ఎవరు తోలతారని ఇన్‌స్పెక్టరు అడిగితే సోమక్క జోగను చూపింది. ఆయన కలం కింద పెట్టి, కిందినుంచి పైదాకా చూసి, రెండు గుంజల మధ్యనుంచి వెనక్కి తోలమన్నాడు. గుంజలకు అటు జానెడు, ఇటు జానెడు సందు. జోగ మెడ తిప్పి, నాలుక కొంచెం బయటికి పెట్టి, ఒక్క ఊపున వెనక్కి తెచ్చి ఆపాడు. ఇన్‌స్పెక్టరు ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి తెచ్చాడు. మూడోసారి ఆయనే ఎక్కి కూర్చుని బజారు దాకా పోనిమ్మన్నాడు. తిరిగొచ్చాక కాగితం మీద "మడివి జోగ, డ్రైవర్" అని రాసి ముద్ర కొట్టాడు. జోగకు చదవడం రాదు. ఆ కాగితాన్ని తిరగేసి, మళ్లీ బోర్లించి, ఏ వైపు పైకి ఉండాలో సోమక్కను అడిగి మడిచి పెట్టుకున్నాడు.

*

ఆదివారం తెల్లవారాక బయల్దేరారు. ఒంగిన తలుపును జోగ అడ్డాకు నారతో బిగించి కట్టాడు, పైకప్పు గుడ్డను కుట్టాడు, ఎక్కడో వెతికి వాడిన టైర్లు రెండు తెచ్చి వెనక వేశాడు. సోమక్క వెనక సీటు నడిమధ్య కూర్చుంది. మొదట్లో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది. దర్భా దాటాక కాళ్లు చాపింది. ఘాటులో మలుపు మలుపుకూ లోయ అద్దంలోకి వచ్చి పోతుంటే "అబ్బో, అబ్బో" అంది. కారు ఒక్కచోటా మూలగలేదు. సుక్మలో ఆ రాత్రికి ఆగి, పొద్దున మళ్లీ కదిలారు.

ఎర్రబోరు దగ్గరికి వచ్చేసరికి సంత విడుస్తోంది. ఆడవాళ్లు తలల మీద బుట్టలతో, చంకల్లో పిల్లలతో, బాట అంచున వరస కట్టి కొంట వైపు నడుస్తున్నారు. కారు హారన్ విని అడవిలోకి జరిగి నిలబడ్డారు.

"ఆపు జోగా" అంది సోమక్క.

తలుపు తీసి రమ్మంది. ఎవరూ కదల్లేదు. సర్కారు బండి అనుకున్నారు. జోగ తల బయటికి పెట్టి దోర్లీలో ఏదో అన్నాడు. భీమే అనే ముసలావిడ ముందుకు వచ్చి అతని ముఖంలోకి చూసి, "మడివి బండి కొడుకువా నువ్వు?" అంది. జోగ అవునన్నాడు. అంతే. బుట్టలు దిగాయి. ముందు ఇద్దరు ఎక్కారు, తర్వాత వాళ్ల చెల్లెళ్లు, చెల్లెళ్ల పిల్లలు, పిల్లల చేతుల్లో కోడిపుంజులు. భీమే సీటు తోలును నిమిరి, ఇది ఏ జంతువుదని అడిగింది. ఎద్దుదని జోగ చెబితే, ఇంత మెత్తటి ఎద్దును తానెన్నడూ చూడలేదంది. లోపలంతా నవ్వులు. సోమక్క మొదట సీటు మధ్యనుంచి అంచుకు జరిగింది. అంచు నుంచి ముందు సీటుకు మారింది. అక్కడికి చంటిపిల్ల తల్లి ఒకావిడ వచ్చింది. సోమక్క దిగి ఆమెను ఎక్కించింది. దిగాక చూసుకుంటే లోపల వేలు పెట్టే సందు లేదు.

"అక్కా, వీళ్లను దించి మళ్లొస్త. నువ్వు ఈడనే ఉండు" అన్నాడు జోగ కంగారుగా.

"నా కారుల నన్ను విడిచిపెట్టి పోతవా?" అంది సోమక్క. చీర దోపుకుంది. తలుపు పక్కనున్న మెట్టు పలక మీదికి ఎక్కి, ఒక చేత్తో కప్పు అంచు, ఒక చేత్తో తలుపు పట్టుకుంది. "పోనీయ్!"

"పడితే?"

"పడను. పోనీయ్యవయ్యా!"

కారు కదిలింది. గాలి చెంపలకు కొట్టింది. కొప్పు ముడి ఊడి జుట్టు వెనక్కి ఎగిరింది. యాభై దాటిన సోమక్క ఒంటి కాలి మీద వంగి, అడవి కొమ్మలు తగలకుండా తల వంచుతూ, ప్రతి గుంతకూ పెద్దగా కేక పెడుతోంది. లోపల ఆడవాళ్లు ఆ కేకకు జవాబుగా కేక పెడుతున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. జోగకు ఇంజిన్ చప్పుడు వినబడడం లేదు. అయినా పాట ఆపమని అనలేదు.

రేవులో పడవ దిగినవాళ్లు, పేటలో చేపలవాళ్లు, పూటకూళ్లింటి ముందు భోజనం కోసం కూర్చున్నవాళ్లు అందరూ లేచి పరుగెత్తుకొచ్చారు. కారు ఆగింది. తలుపులు తెరుచుకుని బుట్టలు, పిల్లలు, కోళ్లు, ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగుతూనే ఉన్నారు. రేవు పడవ నడిపే కాశయ్య లోపలికి తొంగి చూశాడు, ఆ పక్క చూశాడు, ఈ పక్క చూశాడు.

"సోమక్కా! సెలూన్ కారు కొన్నవంట గదా. కొన్నదానివి నువ్వేంది బయట వేలాడుతున్నవ్?"

సోమక్క మెట్టు మీదనుంచి దిగలేదు. దుమ్ము పట్టిన ముఖమంతా నవ్వు.

"లోపల జాగ లేదు కాశయ్యా!" అని రేవంతా వినబడేలా అరిచింది.